ఆటలో లేని కథ

ఆరేళ్ల పిల్లాడు. తోటి పిల్లలతో కలిసి మట్టిదిబ్బ మీద ఆడుకుంటున్నాడు. పైకొచ్చిన వాళ్లను వచ్చినట్టే కిందికి తోసేస్తున్నాడు. దిబ్బకు వాడే రాజు. ఇంతలో ఒకావిడ వచ్చింది. పక్కనే యూనిఫాంలో ఓ కుర్ర అధికారి. ఆవిడ పిల్లాణ్ని పిలిచి, పర్సులోంచి నాణెం తీసి, 'పైకి ఎగరేస్తా. ఏ వైపు పడుతుందో చెప్పాలి, చెబితే నాణెం నీదే' అంది. వాడు సరిగ్గా చెప్పాడు. నాణెం ఇచ్చేసి వెళ్లిపోయింది.

కొన్నాళ్ల తరవాత ఆ పిల్లాణ్ని ప్రభుత్వ మనుషులు ఎత్తుకుపోయారు. అమ్మానాన్నలకు అనుమానం రాకుండా, అచ్చం వాడిలాగే ఉండే ఇంకో పిల్లాణ్ని ఆ ఇంట్లో వదిలిపెట్టారు. ప్రయోగశాలలో హడావుడిగా తయారుచేసిన నకలు బిడ్డ. ఎక్కువ కాలం బతకడు. ఏదో జబ్బు చేసి పోయాడనుకుని ఆ తల్లి ఏడుస్తుంది. అసలు బిడ్డ మరో గ్రహం మీద తుపాకీ పట్టడం నేర్చుకుంటున్న సంగతి ఆమెకు ఎప్పటికీ తెలియదు.

ఆ పిల్లాడి పేరు జాన్. వీడియో గేములు ఆడేవాళ్లకు ఈ పేరు చెబితే వెంటనే గుర్తుకురాకపోవచ్చు. 'మాస్టర్ చీఫ్' అంటే మాత్రం టక్కున గుర్తుపడతారు. ఆకుపచ్చ కవచం, బంగారు రంగు అద్దం ఉన్న శిరస్త్రాణం, మొహం ఎలా ఉంటుందో చూపించని వీరుడు. 2001 నవంబరు 15న మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్‌తో పాటు అమెరికా మార్కెట్లోకి వచ్చిన 'హేలో' ఆటలో కథానాయకుడు అతనే. తమాషా ఏమిటంటే పైన చెప్పిన కథంతా ఆ ఆటలో ఎక్కడా లేదు! అది ఉన్నది ఓ నవలలో. ఆటకన్నా రెండు వారాల ముందే, అక్టోబరు 30న దుకాణాలకు వచ్చిన 'హేలో: ద ఫాల్ ఆఫ్ రీచ్'లో. రాసింది ఎరిక్ నైలండ్. అందుకు ఆయనకు దొరికిన సమయం ఏడు వారాలు.

ఆటకో నవల రాయిస్తే అది ఆట కథకు బలమా, లేక ఆట పేరు చెప్పి ఇంకో నాలుగు డబ్బులు చేసుకునే ఉపాయమా? ఆటగాళ్ల మధ్య ఎప్పటికీ తెగని తగువు ఇది. రెండు వైపులా సాక్ష్యాలున్నాయి మరి.

చోటు చాలక...

ఈ సంప్రదాయం హేలోతో మొదలు కాలేదు. 1984లో బ్రిటన్‌లో 'ఎలైట్' అని ఓ ఆట వచ్చింది. ఇయాన్ బెల్, డేవిడ్ బ్రాబెన్ అనే ఇద్దరు కుర్రాళ్లు దాన్ని బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ కోసం తయారుచేశారు. ఆ యంత్రానికున్న మెమరీ 32 కిలోబైట్లు. ఇప్పుడు మనం ఫోన్లో తీసే ఒక్క ఫొటో కూడా అందులో పట్టదు. అంత ఇరుకులో ఎనిమిది నక్షత్ర మండలాలు, ఒక్కోదాంట్లో 256 గ్రహాలు ఇమిడ్చారు. అంతరిక్ష నౌకలు వట్టి గీతల బొమ్మలు. ఇక కథకు చోటెక్కడ?

అందుకే పెట్టెలో ఆటతోపాటు ఓ చిన్న పుస్తకం పెట్టారు. పేరు 'ద డార్క్ వీల్'. రచయిత రాబర్ట్ హోల్డ్‌స్టాక్. తండ్రిని చంపినవాళ్ల కోసం అంతరిక్షంలో బయల్దేరిన కుర్రాడి కథ అది. పుస్తకం చదివి తెర ముందు కూర్చుంటే, నల్లటి తెర మీది ఆ నాలుగు గీతలే శత్రు నౌకలా కనిపించేవి. బొమ్మ ఇవ్వలేనిది అక్షరం ఇచ్చిందన్నమాట.

ఆ పుస్తకంలో 'రాక్స్లా' అనే ఓ రహస్య ప్రదేశం ప్రస్తావన వస్తుంది. ఎక్కడుందో చెప్పరు. అంతే, ఆటగాళ్లు దాని వెంట పడ్డారు. ముప్పై ఏళ్ల తరవాత, 2014లో 'ఎలైట్ డేంజరస్' పేరుతో కొత్త ఆట వస్తే అందులోనూ రాక్స్లా కోసం గాలింపు మొదలైంది. ఒక్క మాట అన్ని ఏళ్ల పాటు మనుషుల్ని తిప్పింది!

హెల్మెట్ వెనక మనిషి

మళ్లీ మన జాన్ దగ్గరికి వద్దాం. 2001 నాటికి ఆటలో బొమ్మలకు లోటు లేదు. గడ్డిపోచ కూడా స్పష్టంగా కనిపిస్తుంది. అయినా కథలో చెప్పనివి చాలా ఉన్నాయి. కావాలనే చెప్పలేదు కూడా. హెల్మెట్ లోపల ఎవరైనా ఉండొచ్చు, ఆడుతున్నవాడే ఉండొచ్చు. మొహం చూపించకపోవడంలో సౌలభ్యం అదే.

కథ క్లుప్తంగా చెప్పాలంటే, సంవత్సరం 2552. కోవెనెంట్ అనే గ్రహాంతర కూటమి మానవ జాతిని తుడిచిపెట్టే పనిలో ఉంది. రీచ్ అనే గ్రహం చేజారిపోయింది. అక్కణ్నుంచి పారిపోయి వచ్చిన ఓ నౌక, ఆకాశంలో ఉంగరంలా తిరుగుతున్న భారీ నిర్మాణం దగ్గర తేలుతుంది. నౌకలో నిద్రపుచ్చిన సైనికుణ్ని లేపుతారు. ఆట మొదలు. శత్రువులు కనబడతారు, కాల్చాలి. వాళ్లు గ్రహాంతరవాసులు కాబట్టి మనసుకు ఏ గుచ్చుకోవడమూ ఉండదు.

నైలండ్ నవల సరిగ్గా అక్కడే ముల్లు గుచ్చుతుంది. డాక్టర్ కేథరిన్ హాల్సీ అనే శాస్త్రవేత్త 75 మంది పిల్లల్ని ఎంపికచేసి ఎత్తుకు రప్పించింది గ్రహాంతరవాసుల కోసం కాదు. అప్పటికి కోవెనెంట్ పేరే ఎవరికీ తెలియదు. దూరపు గ్రహాల్లో ప్రభుత్వం మీద తిరగబడుతున్న తోటి మనుషుల్ని అణచడానికి! పిల్లలకు పద్నాలుగేళ్లు వచ్చాక ఎముకలు, కండరాలు బలపడేందుకు శస్త్రచికిత్సలు చేశారు. 30 మంది చనిపోయారు. 12 మంది అవిటివాళ్లయ్యారు. పనికొచ్చినవాళ్లు 33 మంది. కోవెనెంట్ వచ్చి మీద పడ్డాక ఆ 33 మందే మానవజాతికి దిక్కయ్యారు. హాల్సీ చేసింది నేరమా, ముందుచూపా? నవల తీర్పు చెప్పదు. ఆట ఆ ప్రశ్నే అడగదు.

నన్నడిగితే ఆ నవలలో గొప్ప ఘట్టాలు యుద్ధాలవి కావు, పిల్లల శిక్షణవి. తొలిరోజుల్లో ముగ్గురేసి పిల్లల్ని ఓ జట్టుగా చేసి పోటీ పెడతారు. తాళ్లూ నిచ్చెనలూ ఎక్కి, పైనున్న గంట కొట్టి రావాలి. ఆఖరున వచ్చిన జట్టుకు ఆ రాత్రి భోజనం ఉండదు. జాన్ అందరికన్నా ముందే గంట కొట్టేసి వస్తాడు. కానీ తన జట్టులోని శామ్, కెల్లీ వెనకబడిపోయారు. జట్టుగా చూస్తే ఓడినట్టే. ముగ్గురికీ పస్తు. ఆరేళ్ల పిల్లలండీ! ఆకలితో పడుకున్న ఆ రాత్రి నుంచి జాన్ ఒంటరిగా గెలవడం మానేస్తాడు.

ఇంకోసారి పిల్లల్ని అడవిలో వదిలేసి, తలా ఓ మ్యాపు ముక్క ఇచ్చి, వెనక్కి తీసుకెళ్లే విమానం దగ్గరికి ఆఖరున చేరినవాళ్లను అక్కడే వదిలేస్తామంటారు. ఎవరో ఒకరు ఆఖరు కావాల్సిందేగా! జాన్ ఒప్పుకోడు. అందర్నీ కూడగట్టి, ఆ విమానాన్నే స్వాధీనం చేసుకుని, ఒక్కరు కూడా మిగిలిపోకుండా అందరితో కలిసి తిరిగొస్తాడు.

తరవాత తొలిసారి కోవెనెంట్ నౌకలోకి చొరబడినప్పుడు శామ్ కవచానికి రంధ్రం పడుతుంది. శూన్యంలోకి దూకితే బతకడు. అక్కడే ఉండిపోతాడు. జాన్ వదిలి రావాల్సి వస్తుంది. ఎవర్నీ వదలనని నేర్చుకున్న పిల్లాడు వదలడం నేర్చుకున్న రోజు అది. ఇది చదివాక ఆటలో ఆ వీరుడు ఎందుకు నాలుగు ముక్కలకు మించి మాట్లాడడో ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆటలో ఈ పని చేయలేరా? చేయొచ్చు గానీ కష్టం. ఆటగాడి చేతిలో మీటలు ఉన్నంతసేపూ ఏదో ఒకటి చేస్తూ ఉండాలి. ఎనిమిదేళ్ల బాల్యాన్ని, ఓ రాత్రి ఆకలిని చేతికి పనిచెప్పే ఘట్టంగా మలచడం తేలిక కాదు. పైగా ఆటలో మాస్టర్ చీఫ్ అంటే 'నేను'. నవలలో మాత్రం 'అతను'. నేనైనప్పుడు నా మీద నాకు జాలి వేయదు.

అదే కథ మళ్లీ...

ఇంత మంచి ఆరంభం తరవాత 2003లో రెండో నవల వచ్చింది. 'ద ఫ్లడ్'. రచయిత విలియం సి. డీట్జ్. ఈసారి ఏకంగా ఆట కథనే నవలగా రాయించారు. ఈ తరహా మనకు కొత్త కాదు. ఒకప్పుడు తెలుగులో వెండితెర నవలలు ఉండేవి. ముళ్లపూడి వెంకటరమణ లాంటి వారూ వాటికి కలం పట్టారు. హాల్లోంచి వెళ్లిపోయిన సినిమాను మళ్లీ చూసే దారి లేని రోజుల్లో ఆ పుస్తకమే సినిమా. ఇంట్లో కూర్చుని మళ్లీ మళ్లీ నెమరేసుకోవచ్చు.

ఆటకు ఆ అవసరం ఎక్కడిది? మీట నొక్కితే మళ్లీ మొదటి నుంచీ ఆడొచ్చు. అందుకే 'ద ఫ్లడ్'లో మాస్టర్ చీఫ్ వసారాల వెంట నడుస్తూ, తుపాకీ మారుస్తూ, శత్రువుల్ని కాలుస్తూ వెళ్లే పేజీలు విసుగు పుట్టిస్తాయి. ఆటలో ఆ వసారాలు దాటినవాడికి అక్కడ చేతులు చెమర్చిన జ్ఞాపకం ఉంటుంది. పుస్తకంలో ఆ చెమట ఎక్కణ్నుంచి వస్తుంది?

అయితే పుస్తకాన్ని అక్కడే మూసేస్తే నష్టపోతారు. అందులో జెన్కిన్స్ అనే సిపాయి ఉంటాడు. ఆటలో అతని హెల్మెట్‌లో రికార్డయిన దృశ్యాన్ని మాత్రం చూస్తాం. మనుషుల శరీరాల్లోకి దూరి వాళ్లను ఆడించే 'ఫ్లడ్' అనే పరాన్నజీవి అతని దళం మీద పడుతుంది. అంతటితో సరి. నవలలో జెన్కిన్స్ చావడు. శరీరం పురుగు వశమైపోయినా, ఓ మూల తెలివి మిగిలే ఉంటుంది. తన చేతులు తన మాట వినకుండా తోటివారి మీదికి వెళ్తుంటే లోపల్నుంచి చూస్తూ ఉంటాడు. ఆటలో మనం చకచకా కాల్చిపారేసిన వికృతాకారాల్లో ఇలాంటివాళ్లు ఎందరున్నారో అన్న ఆలోచన వచ్చిందా... ఇక ఆ రాత్రికి నిద్ర పట్టదు.

అంటే డీట్జ్ కూడా ఆట వెళ్లని చోటికి వెళ్లినప్పుడు గెలిచాడు. ఆట వెళ్లిన దారినే వెళ్లినప్పుడు ఓడిపోయాడు.

పుస్తకం చదవకపోతే అర్థం కాదా?

ఇక్కణ్నుంచి కథ అడ్డం తిరుగుతుంది. నవలలకు పేరొచ్చేసరికి ఆట తయారీదారులకు ఓ ధీమా వచ్చింది. 'మిగతాది పుస్తకంలో ఉందిలే' అని.

2012 నవంబరులో 'హేలో 4' వచ్చింది. అందులో డైడాక్ట్ అనే ప్రతినాయకుడు ఉంటాడు. లక్ష ఏళ్ల నాటి జాతికి చెందిన సేనాధిపతి. నిద్రలేస్తూనే మానవుల మీద పగతో రగిలిపోతుంటాడు. ఎందుకు? ఆటలో ఒకావిడ వచ్చి గబగబా రెండు మూడు నిమిషాల్లో పాత చరిత్ర అప్పజెప్పి మాయమవుతుంది. సగం మందికి ఏమీ బోధపడలేదు. పాత ఆటగాళ్లకైతే మరీ తికమక. 'హేలో 3'లో దొరికే పాత లేఖల్లో డైడాక్ట్ ప్రేమించిన మనిషి, బాధపడే మనిషి. ఇతను చూస్తే రాక్షసుడు!

అసలు విషయం ప్రఖ్యాత సైన్స్ ఫిక్షన్ రచయిత గ్రెగ్ బేర్ రాసిన మూడు నవలల్లో ఉంది. డైడాక్ట్‌లు ఇద్దరు. మొదటివాడి జ్ఞాపకాలను నింపుకొన్న మరో యువకుడూ అదే పేరు మోశాడు. లేఖలు రాసింది అతను. మొదటివాడు ఫ్లడ్‌కు చిక్కి, చిత్రహింసలకు మనసు చెడి తిరిగొచ్చాడు. ఆ సంగతి వివరంగా తెలిసేది మూడో నవల 'సైలెన్షియం'లో. అది విడుదలైంది 2013 మార్చిలో. అంటే ఆట వచ్చిన నాలుగు నెలలకు! ప్రతినాయకుడికి పిచ్చెందుకు పట్టిందో తెలియాలంటే ఆట పూర్తిచేసి, నాలుగు నెలలు ఆగి, పుస్తకం కొనుక్కోవాలి. సరే, ఆ ప్రతినాయకుడి కథ తరవాతి ఆటలోనైనా తేలిందా? లేదు. 2014లో వచ్చిన కామిక్ పుస్తకాల్లో తేల్చేశారు. ఆటను మాత్రమే నమ్ముకున్నవాడు ఏమైపోవాలి?

బేర్ నవలలు బాగాలేవని కాదు. విడిగా చదివితే ఆ మూడూ ఈ వరసలో గట్టి పుస్తకాలే. కానీ గంటలు గంటలు ఆడిన మనిషికి తన శత్రువు ఎవరో తెలియకపోతే ఆ తప్పును పక్క దుకాణంలోని పుస్తకం ఎలా దిద్దుతుంది?

2015లో 'హేలో 5'లో ఇంకో చిత్రం. జాన్ పక్కన ఫ్రెడ్, కెల్లీ, లిండా నిలబడి కనిపిస్తారు. నవలలు చదివినవాళ్లకు ఒళ్లు పులకరించింది. కెల్లీ అంటే ఆ మొదటిరోజు జాన్‌తోపాటు పస్తు పడుకున్న పిల్ల! పద్నాలుగేళ్లుగా పుస్తకాల్లో ఉన్నవాళ్లు తొలిసారి ఆటలోకి వచ్చారు. చదవనివాళ్లకు? మరో మూడు హెల్మెట్లు. వాళ్లెవరో, ఇతనికి ఏమవుతారో చెప్పేంత సంభాషణ కూడా ఆటలో ఇవ్వలేదు.

రాసినవాళ్లే చెరిపితే

రచయితల గోడు ఇంకోటి. నైలండ్ నవలలో రీచ్ గ్రహం 2552 ఆగస్టు 30న ఉన్నట్టుండి జరిగిన దాడిలో పతనమవుతుంది. 2010లో అదే రీచ్ కథతో ఆట తీశారు. అందులో కోవెనెంట్ జులైలోనే దిగుతుంది. నెలపైగా పోరు నడుస్తుంది. నవలలో అంతరిక్షంలో ఉన్న నౌక ఆటలో నేల మీద కనిపిస్తుంది. ఆటదే పైచేయి. నవలను సవరణలతో మళ్లీ అచ్చు వేశారు. తొమ్మిదేళ్లుగా జనం ప్రేమించిన పుస్తకమే వంగాల్సి వచ్చింది.

వంగకుండా విరిగిన ఉదాహరణ 'మాస్ ఎఫెక్ట్'. ఈ ఆటలో నాయకుడు షెపర్డ్ ఆడో మగో, మంచివాడో మొండివాడో తేల్చేది ఆటగాడే. కాబట్టి నవలలో షెపర్డ్‌ను పెడితే చిక్కు. ఆటకు ప్రధాన రచయిత అయిన డ్రూ కార్పిషిన్ ఈ చిక్కును తెలివిగా తప్పించుకున్నాడు. 2007లో ఆటకు కొన్ని నెలల ముందు వచ్చిన 'రెవెలేషన్' నవలకు షెపర్డ్ పై అధికారి ఆండర్సన్‌ను నాయకుణ్ని చేశాడు. ఆటలో ఆండర్సన్ తన పాత పగను నాలుగు మాటల్లో చెప్పి ఊరుకుంటాడు. నవల చదివినవాడికి ఆ నాలుగు మాటల బరువు తెలుస్తుంది. చదవనివాడికి కూడా కథ ఎక్కడా తెగదు. పొందిక అంటే అదీ!

కార్పిషిన్ మూడు నవలలు రాశాడు. నాలుగోది 'డిసెప్షన్'ను డీట్జ్‌కు అప్పగించారు. 2012 జనవరిలో అది రాగానే అభిమానులు తప్పుల చిట్టా విప్పారు. పాత నవలలో ఆటిజం ఉన్న బాలిక ఇందులో ఆ జాడే లేకుండా మాట్లాడుతుంది. పాత్రల స్వభావాలు మారిపోయాయి. ఆట తయారుచేసిన బయోవేర్, పుస్తకం వేసిన డెల్ రే క్షమాపణ చెప్పి, తరవాతి ముద్రణల్లో మారుస్తామని ప్రకటించాల్సి వచ్చింది. ఆటకు అనుబంధమేగా, ఎవరు పట్టించుకుంటారులే అనుకునేవాళ్లు ఈ గొడవ గుర్తుంచుకోవాలి. ఆ బాలికను కన్నబిడ్డలా చూసుకున్న పాఠకులు ఉన్నారు మరి.

అదే ఏడాది వచ్చిన 'మాస్ ఎఫెక్ట్ 3'లో కై లెంగ్ అనే కత్తి వీరుడు ఊడిపడతాడు. అంతకుముందు నవలల్లో ఉన్న పాత్ర. ఆటలో మాత్రం ముందూ వెనకా పరిచయం లేదు. ఆటగాళ్లకు అతని మీద కోపం వచ్చింది గానీ, కథ కోరుకున్న కోపం కాదు. 'ఎవడీడు' అన్న చిరాకు.

కలం, ఆట కలిసి నడిచిన సందర్భాలూ లేకపోలేదు. 'గేర్స్ ఆఫ్ వార్' ఆటకు 2008 నుంచి నవలలు రాసిన కేరన్ ట్రావిస్‌నే పిలిచి 2011లో మూడో ఆటకు కథ రాయించారు. పాత్రల గతం రాసినావిడే వాళ్ల ముగింపూ రాసింది.

మళ్లీ మొదటి నుంచి

నేను హేలో ఆట ఆడాకే నవల చదివాను. చదివాక ఓ ఆదివారం మళ్లీ మొదటి నుంచి ఆట పెట్టాను. ఒక్క గీత మారలేదు. అదే నౌక, అదే కెప్టెన్ కీస్. ఇంతకుముందు ఆయన నాకు నోట్లో పైపుతో నిలబడ్డ పెద్దమనిషి మాత్రమే. ఇప్పుడు తెలుసు, ఆ రోజు మట్టిదిబ్బ దగ్గర హాల్సీ పక్కన నిలబడ్డ కుర్ర అధికారి ఈయనే. నాణెం గాల్లోకి లేవడం చూసినవాడు.

ఆట మొదట్లో ఓ చిన్న ఘట్టం ఉంది. నిద్ర లేచిన మాస్టర్ చీఫ్ కవచం సరిగ్గా పనిచేస్తోందో లేదో సాంకేతిక నిపుణుడు పరీక్షిస్తాడు. నిజానికి అది మీటలు ఎలా తిప్పాలో ఆటగాడికి నేర్పే పాఠం. మెరుస్తున్న దీపాల వంక చూడమంటాడు. పైకి చూశాను. కిందికి చూడమంటాడు. చూశాను. మొదటిసారి ఆడినప్పుడు ఆ అర నిమిషం ఎప్పుడు అయిపోతుందా అనిపించింది. ఈసారి తొందర పడబుద్ధి కాలేదు. ఆరేళ్ల వయసు నుంచీ ఎవరో ఒకరు చూడమన్న వైపే చూస్తున్నాడు ఈ మనిషి. ఇప్పుడు చూడమంటున్న చేయి నాది.